ఖాట్మండులో పిల్లల హోమ్‌కి గ్రూపుగా వెళ్దామనుకునేవాళ్లకి నా సమాధానం

తమ్ముడూ, మీరు రాసిందంతా పూర్తిగా చదివాను. విశాఖలో ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వైపు ఉండే ఫ్రెండ్స్ పన్నెండు మంది, దసరా సెలవుల్లో ఖాట్మండు వెళ్లి అక్కడ ఒక పిల్లల హోమ్‌లో నాలుగు రోజులు ఉండి, బట్టలూ స్కూల్ బ్యాగులూ ఇచ్చి, పిల్లలకి డాన్సూ ఇంగ్లీషూ నేర్పి, గోడలకి రంగులేసి రావాలని ప్లాన్. మనిషికి 40 వేలు అవుతుంది, ఏం తీసుకెళ్లాలి, ఫోటోలు తీసుకోవచ్చా, డబ్బు హోమ్ వాళ్ల చేతికే ఇవ్వొచ్చా, ఇవీ మీ ప్రశ్నలు. ఆ హోమ్ గురించి ఇన్‌స్టాలో చూసి తెలుసుకున్నామని కూడా రాశారు.

నేను విశాఖలోనే పిల్లల హోమ్‌లలో కౌన్సిలర్‌గా చాలా ఏళ్లు చేశాను, 2015 భూకంపం తర్వాత నేపాల్లో పిల్లల సొంతవాళ్లని వెతికి కలిపే టీమ్‌తో కొంతకాలం పనిచేశాను. ఆ రెండు చోట్లా చూసినదాన్ని బట్టి ముక్కుసూటిగా చెప్తున్నా, నేపాల్ వెళ్లండి, డబ్బూ ఖర్చు పెట్టండి, కానీ పిల్లల మధ్య నాలుగు రోజులు గడిపే ప్రోగ్రాం మాత్రం ఒగ్గేయండి. మీ మనసు మంచిది, అందులో నాకు అనుమానం లేదు, సెలవులకి గోవా పోకుండా ఇది ఆలోచించారంటేనే తెలుస్తోంది. ఆ మంచి మనసు పిల్లలకి పనికొచ్చే దారిలో వెళ్లాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ డేట్ల గురించే చూడండి. మన దసరా అంటే నేపాల్లో దశైన్, వాళ్లకి అదే అన్నిటికన్నా పెద్ద పండగ, మన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి జనం ఎలా ఊళ్లకి కదులుతారో అక్కడ దశైన్‌కి ఖాట్మండు అలా ఖాళీ అవుతుంది. పెద్దవాళ్లు పెరుగూ బియ్యమూ కలిపిన ఎర్ర టీకా నుదుటి మీద పెట్టి ఆశీర్వదిస్తారు, ఆ టీకా కోసం ఎంత దూరమైనా ఇంటికి పోతారు. పద్ధతిగా నడిచే హోమ్ ఏదైనా ఆ పదిహేను రోజుల్లో వీలైనంతమంది పిల్లల్ని అమ్మ దగ్గరికో మేనమామ దగ్గరికో అమ్మమ్మ దగ్గరికో పంపిస్తుంది, వాళ్లతో సంబంధం తెగిపోకుండా చూసుకుంటుంది. అలాంటిది మీరు దసరాకి వస్తామంటే ఆ హోమ్ వాళ్లు రండి రండి, పిల్లలందరూ ఇక్కడే ఉంటారు, మీకోసం కల్చరల్ ప్రోగ్రాం కూడా చేస్తారు అన్నారని రాశారు చూడండి, నాకు అక్కడే గుండె కలుక్కుమంది. పండక్కి ఒక్క పిల్లాడు కూడా ఇంటికి పోడా? అందరికీ ఎవరూ లేరా? లేక పంపడం లేదా?

ఎవరూ లేరేమో, అనాథలు కదా అంటారు. సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఇలాంటి హోమ్‌లలో ఉన్న పిల్లల్లో ఐదుగురికి కనీసం నలుగురికి తల్లో తండ్రో ఇద్దరూనో బతికే ఉన్నారు. నేపాల్లో మేం చూసింది కూడా ఇంచుమించు అలాగే ఉంది. మరి ఎందుకు హోమ్‌లో ఉన్నారంటే, చదువు కోసం.

1996 నుంచి 2006 దాకా నేపాల్లో మావోయిస్టుల యుద్ధం నడిచింది. వాయవ్యాన టిబెట్ సరిహద్దులో హుమ్లా అని ఒక జిల్లా ఉంది, ఆ రోజుల్లో అక్కడికి రోడ్డు లేదు, జిల్లా కేంద్రం సిమికోట్ దాకా చిన్న విమానం, లేదంటే రోజుల తరబడి నడక. బడులు సరిగ్గా నడవడం లేదు, పిల్లల్ని దళంలోకి తీసుకుపోతారన్న భయం ఇంకోపక్క. అప్పుడు ఊళ్లోకి ఒక పెద్దమనిషి వచ్చి మీ పిల్లల్ని ఖాట్మండులో మంచి బోర్డింగ్ స్కూల్లో వేస్తాను, ఖర్చులకి ఇంత ఇవ్వండి అంటే తల్లిదండ్రులు పొలం తాకట్టు పెట్టి, గొడ్లు అమ్మి డబ్బిచ్చి మరీ పంపారు. మన పాడేరు, చింతపల్లి వైపు తల్లిదండ్రులు పిల్లల్ని ఆశ్రమ పాఠశాలలో వెయ్యరా, వాళ్లకి ప్రేమ లేకనా? ఆ హుమ్లా తల్లిదీ అదే ఆశ, పిల్లాడు నాలుగు అక్షరాలు నేర్చుకుంటే మనలాగా కొండమీద పడి ఉండక్కర్లేదని. తేడా ఎక్కడొచ్చిందంటే పాడేరు పిల్లాడు సంక్రాంతికి ఇంటికొస్తాడు, అతను ఎక్కడున్నాడో అమ్మానాన్నకి తెలుసు, హెచ్చెమ్ ఫోన్ నంబర్ ఉంటుంది. హుమ్లా పిల్లాడి విషయంలో ఇవేవీ లేవు. ఖాట్మండు చేరాక తల్లిదండ్రులు చనిపోయారని కాగితాలు పుట్టాయి, బతికున్న మనుషులకి డెత్ సర్టిఫికెట్లు, దాని మీద స్టాంపూ సంతకమూ అన్నీ ఉంటాయి. ఎందుకంటే అమ్మానాన్న ఉన్న పిల్లాడికన్నా లేని పిల్లాడికి డొనేషన్ ఎక్కువ వస్తుంది.

అలాంటి ఫైలు ఒకటి నేను దగ్గరుండి చూశాను. ఉత్తర హుమ్లా నుంచి వచ్చిన పిల్ల, పదమూడేళ్లు ఉంటాయేమో, ఫైల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ లేరని ఉంది. టీమ్ వాళ్లు ఊరు పేరు పట్టుకుని, ఆ ఊరివాళ్లని పట్టుకుని, చివరికి తల్లిని ఫోన్లోకి తెచ్చారు. తల్లి మాట్లాడేది టిబెటన్‌కి దగ్గరగా ఉండే వాళ్ల కొండ భాష, పిల్లకి ఇన్నేళ్లలో నేపాలీ, ఇంగ్లీషూ వచ్చేశాయి గానీ ఆ భాష పోయింది. అవతల తల్లి ఏడుస్తూ ఏదో అడుగుతోంది, పిల్ల ఫోన్ చెవికి పెట్టుకుని పక్కనున్న దిదీ (నేపాలీలో అక్క) మొహంలోకి చూస్తోంది. దిదీ చెప్పింది, అన్నం తిన్నావా అని అడుగుతోంది మీ అమ్మ అని. ఆ పిల్ల తల ఊపింది, ఫోన్లో తల ఊపితే కనపడదు కదా, అయినా ఊపుతూనే ఉంది. ఆ పిల్ల ఉన్న హోమ్‌కి ప్రతి సీజన్లో ఎక్కడెక్కడి దేశాలవాళ్లో వచ్చి ఆడించి, పాడించి, బహుమతులు ఇచ్చి వెళ్లారు. వాళ్లందరూ మీలాగే మంచివాళ్లే, కానీ నీకు అమ్మ ఉందా, ఎక్కడుంది అని వెతికిన మనిషి ఒక్కరూ లేరు.

ఇది నేపాల్ ఒక్కదాని సంగతి కాదు. కంబోడియాలో 2005లో 154 ఉన్న హోమ్‌లు 2010కి 269 అయ్యాయి, ఆ ఐదేళ్లలో యుద్ధమేమీ రాలేదు, పెరిగింది టూరిస్టులూ డొనేషన్లూ. నేపాల్లో కూడా హోమ్‌లు ఎక్కువగా ఉన్నది ఖాట్మండు లోయలో, పోఖ్రాలో, చిత్వన్‌లో, అంటే టూరిస్టులు తిరిగే చోట. పేదరికం ఎక్కువ ఉన్నది మాత్రం కర్ణాలీ వైపు కొండల్లో. అవసరాన్ని బట్టి హోమ్‌లు పెడితే కొండల్లో ఉండాలి కదా. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి ఇంచుమించు తొమ్మిది వేలమంది పోయినప్పుడు నేపాల్ ప్రభుత్వం చేసిన పనుల్లో ఒకటేంటంటే, సరైన అనుమతి లేకుండా పిల్లల్ని జిల్లా దాటించకూడదని ఆపడం, కొత్త హోమ్‌ల రిజిస్ట్రేషన్ ఆపడం. వాళ్లకి తెలుసు, సాయం పేరుతో జనం దిగుతారు, ఆ జనానికి చూపించడానికి పిల్లల్ని పోగేసేవాళ్లు కూడా దిగుతారని. ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ 2017లో పిల్లల్ని ఇలా హోమ్‌లకి పోగేయడాన్ని ఆధునిక బానిసత్వం గురించిన రిపోర్టులోనే పెట్టింది, ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ 2019 డిసెంబర్లో బాలల హక్కుల తీర్మానంలో పిల్లల హోమ్‌లలో వాలంటీర్ టూరిజం వల్ల జరిగే హాని గురించి దేశాలు చర్యలు తీసుకోవాలని చెప్పింది.

సరే, మేం వెళ్లే హోమ్ నిజాయితీగానే నడుస్తుంది అనుకుందాం, నిజంగానే అలాంటివి ఉన్నాయి, నాకు తెలుసు. అప్పుడు కూడా నాలుగు రోజుల విజిట్ వద్దనే అంటాను, దానికి కారణం వేరు.

ఇక్కడ వైజాగ్‌లో నేను పనిచేసిన ఒక హోమ్‌లో ఆదివారం ఎలా ఉండేదో చెప్తా. పొద్దున పదింటికి ఒక ఫ్యామిలీ కేకుతో వస్తారు, వాళ్ల బాబు పుట్టినరోజు, పిల్లలందరూ వరసగా నిలబడి హ్యాపీ బర్త్‌డే పాడాలి. పన్నెండున్నరకి ఇంకో గ్రూపు బిర్యానీ ప్యాకెట్లతో, ముందు ప్రార్థనో శ్లోకమో, తర్వాత ఫోటో, తర్వాతే భోజనం, ఆకలితో ఉన్న ఆరేళ్ల పిల్లాడు ప్యాకెట్ చేతిలో పట్టుకుని కెమెరా వైపు నవ్వాలి. సాయంత్రం ఇంకో కేకు. టెన్త్ చదివే అమ్మాయిలు పరీక్షల ముందు ఆదివారాలు కూడా పుస్తకం పక్కన పెట్టి ఎవరో తెలియని బాబుకి పాట పాడుతూ ఉండేవాళ్లు. ఆ పిల్లల్లో చాలామందికి వాళ్ల పుట్టినరోజు ఎప్పుడో రికార్డులో అందాజాగా వేసిన తేదీ తప్ప తెలియదు. బీరువా నిండా జామెట్రీ బాక్సులు, క్రేయాన్లు, తాళం వేసి ఉంటాయి, అందరూ అవే తెస్తారు కాబట్టి. అదే హోమ్‌లో రాత్రి పక్క తడిపే పిల్లాడి దుప్పటి ఉతికే ఆయాకి జీతం టైముకి అందేది కాదు, ఆమె మానేసింది, ఆమె మానేసిన వారం ఆ పిల్లాడు అన్నం ముట్టలేదు. కేకులు తెచ్చినవాళ్లకి అది కనపడదు, చెప్పేవాళ్లూ ఉండరు.

మీరు గేటు తీసుకుని లోపలికి వెళ్లగానే చిన్నపిల్లలు పరిగెత్తుకొచ్చి కాళ్లకి చుట్టుకుపోతారు, చంక ఎక్కేస్తారు, అక్కా అన్నా అని వదలరు. మనకి కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఎంత ప్రేమో అనుకుంటాం. ఇంట్లో పెరిగిన మూడేళ్ల పిల్ల కొత్త మనిషిని చూస్తే ఏం చేస్తుంది? అమ్మ చీర కొంగు వెనక్కి పోతుంది. అది ఆరోగ్యమైన లక్షణం. ఎవరొచ్చినా చంక ఎక్కేయడం అంటే ఆ పిల్లకి నావాళ్లు అంటూ ఒకళ్లు గట్టిగా ఏర్పడలేదని అర్థం. దీని మీద పెద్ద పరిశోధన జరిగింది రుమేనియాలో. 1989లో అక్కడి నియంత చౌషెస్కు పడిపోయాక అక్కడ హోమ్‌లలో లక్షకి పైగా పిల్లలు బయటపడ్డారు, తర్వాత బుకారెస్ట్‌లో అమెరికా శాస్త్రవేత్తలు 136 మంది పసిపిల్లల్ని తీసుకుని సగం మందిని శిక్షణ ఇచ్చిన పెంపుడు కుటుంబాల్లో పెట్టి, మిగతావాళ్లు మామూలుగా హోమ్‌లో ఉంటే ఎలా ఉంటారో ఏళ్ల తరబడి చూశారు. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లలు మాటలోనూ తెలివిలోనూ మనుషులతో బంధం ఏర్పడటంలోనూ మెరుగయ్యారు, అందులోనూ రెండేళ్లు నిండకముందే వెళ్లినవాళ్లు ఎక్కువ మెరుగయ్యారు. హోమ్‌లో తిండి పెట్టకపోవడం కాదు సమస్య, షిఫ్టుల్లో మనుషులు మారిపోతూ ఉండటం. ఇప్పటికే మనుషులు మారిపోతూ ఉన్న చోటికి మనం పన్నెండుమందిమి వెళ్లి నాలుగు రోజులు ప్రేమ కురిపించి అయిదో రోజు వెళ్లిపోతే, ఆ పిల్లకి ఇంకో పన్నెండు మంది వదిలేసి పోయినట్టు. మళ్లీ ఎప్పుడొస్తావు అని అడుగుతారు, తప్పకుండా వస్తాం అంటాం, ఆ మాట పట్టుకుని గేటు దగ్గర కూర్చునే పిల్లల్ని వారం రోజులపాటు సముదాయించిన దాన్ని నేను, అందుకే అడుగుతున్నా, వద్దు.

ఇప్పుడు ఆ హోమ్‌కి ఏం రాయాలో చెప్తాను, ఎందుకంటే మీరు మాటిచ్చేశాం అన్నారు. మెయిల్లో మర్యాదగానే అడగండి, నిజాయితీ ఉన్నవాళ్లు ఈ ప్రశ్నలకి సంతోషిస్తారు. పిల్లల్లో ఎంతమందికి తల్లిదండ్రులు గానీ దగ్గరి బంధువులు గానీ ఉన్నారు, పోయిన దశైన్‌కి ఎంతమంది ఇంటికెళ్లారు, గత రెండు మూడేళ్లలో ఎంతమందిని శాశ్వతంగా కుటుంబానికి పంపించారు. నేపాల్ 2018 బాలల చట్టం ప్రకారం పిల్లల హోమ్ అనేది చిట్టచివరి దారి, ముందు బంధువులు, తర్వాత వేరే కుటుంబం, అవేవీ కుదరకపోతేనే హోమ్, కాబట్టి ఇంటికి పంపే పని ఏదీ జరగడం లేదంటే ఆ హోమ్ చట్టం ఉద్దేశానికే ఎదురు నడుస్తోందని అర్థం. ఏ ప్రభుత్వ ఆఫీసు అనుమతితో నడుస్తోంది, చివరిసారి ఇన్‌స్పెక్షన్ ఎప్పుడు అయింది, ఆడిట్ లెక్కలు చూపిస్తారా. పిల్లల్ని చూసుకునే స్టాఫ్ ఎంతమంది, ఎన్నేళ్లుగా ఉన్నారు, ఇది చాలా ముఖ్యం, బిల్డింగ్ ఎంత బాగుంది అనేదానికన్నా వంట చేసే దిదీ ఎనిమిదేళ్లుగా అక్కడే ఉందా లేదా అన్నది పిల్లల గురించి ఎక్కువ చెప్తుంది. బయటివాళ్లు వస్తే పోలీస్ క్లియరెన్స్ అడుగుతారా, పిల్లలతో ఒంటరిగా ఉండనిస్తారా.

ఆ చివరి ప్రశ్న మీద ఒక్క నిమిషం ఆగుతా. మీ పన్నెండుమందిలో మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసుకి వెళ్లి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తెచ్చుకోండి అని ఆ హోమ్ ఎవరినీ అడగలేదు, కనీసం ఆధార్ కాపీ కూడా అడగలేదు, పిల్లల్ని సాయంత్రం స్వయంభూ గుడికి మీరే తీసుకెళ్లొచ్చు అన్నారు. మీకు అది స్నేహంగా అనిపించింది. మీ ఇంట్లో పిల్లని, స్కూల్ నుంచి ఎవరో ముక్కూ మొహం తెలియని పన్నెండుమంది వచ్చి బీచ్‌కి తీసుకెళ్తామంటే ప్రిన్సిపాల్ సరే అంటే ఊరుకుంటారా? మీరు మంచివాళ్లే, కానీ ఆ గేటు మీకు ఎంత సులువుగా తెరుచుకుందో చెడ్డవాడికీ అంతే సులువుగా తెరుచుకుంటుంది. తలుపు అంత బార్లా తీసిపెట్టిన చోటికి ఎవరూ డబ్బు పంపకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇంకో సంగతి, విదేశీయులు టూరిస్ట్ వీసా మీద వచ్చి వాలంటీర్ పని చేయకూడదని నేపాల్ ఇమిగ్రేషన్ నియమం. మనకి నేపాల్‌తో 1950 ఒప్పందం ఉండటం వల్ల వీసా అక్కర్లేదు, ఎవరూ ఆపి అడగరు. అడగరు కాబట్టి చెయ్యొచ్చు అనుకోకండి, ఆ నియమం ఎందుకు పెట్టారో చూసి మనం పాటించాలి. ప్రయాణానికి మాత్రం ఒకటి గుర్తుంచుకోండి, విమానంలో వెళ్లేవాళ్లకి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, మీ వయసువాళ్లకి ఆధార్ ఒక్కటే చూపిస్తే కుదరదు. వైజాగ్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ లేదు, ఢిల్లీ లాంటి చోట విమానం మారి వెళ్లాలి.

టికెట్లు తీసేశాం అంటే వెళ్లండి, ఖాట్మండు, భక్తపూర్ చూడండి, పశుపతినాథ్ దర్శనం చేసుకోండి, మీరు అక్కడ హోటల్లో తిన్న ప్రతి పూటా, ఎక్కిన ప్రతి ట్యాక్సీ ఏదో ఒక నేపాలీ కుటుంబం పొయ్యి వెలిగిస్తుంది, అదేం తక్కువ సాయం కాదు. హోమ్ వాళ్ల జవాబులు బాగుండి, వెళ్లాలనిపిస్తే పిల్లలు స్కూల్లో ఉన్న టైములో వెళ్లి స్టాఫ్‌ని కలవండి. మీలో అకౌంట్స్ వచ్చినవాళ్లున్నారు, సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు, లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కించడం, పిల్లల ఫైళ్లు పోకుండా భద్రపరిచే పద్ధతి పెట్టడం, పాడైన సిస్టమ్‌లు బాగుచేయడం, ఇవి పెద్దవాళ్లతో కూర్చుని చేసే పనులు, వైజాగ్ వచ్చాక కూడా ఫోన్ మీద సంవత్సరమంతా కొనసాగించొచ్చు. గోడలకి రంగులు మీరు వెయ్యొద్దు, ఆ పని చేసి బతికే పెయింటర్లు అక్కడ ఉన్నారు, డబ్బు అటు ఇవ్వండి. ఇంగ్లీషు నేర్పుతాం అన్నారు, నాలుగు రోజుల్లో ఇంగ్లీషు రాదు, అక్కడి ట్యూషన్ టీచర్‌కి ఏడాది జీతం ఇస్తే వస్తుంది.

బట్టల సంగతి, వైజాగ్ నుంచి మూటలు కట్టుకుని పోవద్దు. మన ఊళ్లో దొరికే స్వెట్టర్ ఖాట్మండు జనవరి చలికి చాలదు, పైగా సైజులు కుదరవు. హోమ్ వాళ్లని ఏం కావాలో లిస్ట్ అడిగి అక్కడే అసన్ బజార్లో కొని స్టాఫ్ చేతికి ఇవ్వండి, పిల్లలకి వాళ్లే ఇస్తారు. పిల్లాడికి కొత్త చెప్పులు కావాలంటే రోజూ చూసుకునే దిదీని అడగాలి, ఆమె ఇవ్వాలి, అలా జరిగితేనే అడిగితే ఇచ్చే మనిషి నాకు ఇక్కడే ఉంది అని పిల్లాడికి నమ్మకం కుదురుతుంది.

ఫోటోలు వద్దు. గ్రూపు ఫోటో వద్దు, వెనక నుంచి తీసింది కూడా వద్దు, వాట్సాప్ స్టేటస్ అసలే వద్దు. మన దగ్గర 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫోటో, స్కూలు, ఏదైనా గుర్తుపట్టే వివరం మీడియాలో వేయడం నేరం, ఇక్కడ చేయకూడనిది సరిహద్దు దాటగానే చేయొచ్చు అని ఎలా అనుకుంటాం. ఆ పిల్ల పెద్దదై ఉద్యోగంలో చేరాక, పెళ్లయ్యాక, ఎక్కడో ఎవరి ఫేస్‌బుక్‌లోనో ఈ అనాథ పిల్లలతో మేము అని తన ఫోటో ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇక డబ్బు. చేతికి క్యాష్ ఇవ్వకండి, ఎంత బతిమాలినా సరే. విదేశీ సంస్థకి ఇచ్చిన డొనేషన్‌కి ఇక్కడ ట్యాక్స్ మినహాయింపు రాదు. మీ గ్రూపుకి రిజిస్టర్డ్ ట్రస్ట్ ఉందన్నారు, ట్రస్ట్ డబ్బు దేశం బయట ఖర్చు పెడితే ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు నిలవడానికి ముందుగా అనుమతి తీసుకోవాల్సి ఉంటుంది, మీ ఆడిటర్‌ని అడగకుండా ఒక్క రూపాయి కదపకండి.

నా మనసులో అసలు మాట ఇది, మీ లెక్కే చూద్దాం. పన్నెండుమంది, మనిషికి 40 వేలు, మొత్తం 4,80,000. మన దేశంలో మిషన్ వాత్సల్య అనే పిల్లల సంరక్షణ పథకం కింద తండ్రి లేని పిల్లలకి, తల్లిదండ్రులు మంచాన పడ్డ పిల్లలకి, హోమ్‌లో చేరకుండా ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే స్పాన్సర్‌షిప్ నెలకి 4,000. ఆ లెక్కన మీ నాలుగు రోజుల డబ్బు పదిమంది పిల్లల్ని ఏడాదిపాటు వాళ్ల అమ్మ దగ్గరే ఉంచుతుంది. ఏడాదిపాటు, అమ్మ దగ్గర. నేపాల్లోనే చేయాలనుంటే కుటుంబాలకి తిరిగి చేర్చే పని, ఊళ్లలో బడులకి సాయం చేసే పని చేసే సంస్థలు ఉన్నాయి, వాళ్లకి పంపండి. ఏ సంస్థ అయినా వాళ్ల వెబ్‌సైట్లో పిల్లల మొహాలు ఎక్కువ కనిపిస్తున్నాయా, లేక ఇంటికి చేరిన వివరాలు ఎక్కువ కనిపిస్తున్నాయా చూసి ఎంచుకోండి.

ఇక్కడే చేయాలనుంటే పని కొండంత ఉంది. జిల్లా బాలల సంరక్షణ యూనిట్ అని కలెక్టర్ కింద పనిచేసే ఆఫీసు ఉంటుంది, అక్కడికి వెళ్లి స్పాన్సర్‌షిప్‌కి అర్హత ఉండీ కాగితాలు కుదరక ఆగిపోయిన కుటుంబాలు ఎన్ని ఉన్నాయో అడగండి. ఇన్‌కమ్ సర్టిఫికెట్ లేక, భర్త డెత్ సర్టిఫికెట్ లేక, బ్యాంకు ఖాతా పనిచేయక ఆగిపోయినవాళ్లు ఉంటారు, గాజువాకలోనో ఆరిలోవలోనో ఉండే ఒక వితంతువు ఇళ్లల్లో పని మానుకుని సచివాలయం చుట్టూ ఎన్ని రోజులు తిరగగలదు? మీలో ఇద్దరు స్కూటర్ మీద ఆమెని తీసుకెళ్లి దగ్గరుండి ఆ కాగితాలు చేయిస్తే ఆమె పిల్లలు హోమ్‌కి పోరు. ఇంకోటి, హోమ్‌లో పెరిగి పద్దెనిమిది నిండి బయటికొచ్చిన కుర్రాళ్లు. చట్టంలో 21 ఏళ్లదాకా ఆఫ్టర్‌కేర్, అంటే బయటికొచ్చాక ఇచ్చే సాయం, అని ఉంది గానీ రూమ్ అడ్వాన్స్ ఎవరిస్తారు, ఇంటర్వ్యూకి చొక్కా ఎవరు కొనిస్తారు, జ్వరం వస్తే కేజీహెచ్ ఆసుపత్రికి ఎవరు తోడెళ్తారు. వాళ్లు పెద్దవాళ్లు, మీ వయసుకి దగ్గరవాళ్లు, రుషికొండలో ఉద్యోగం చేసే మీరు ఒక్కొక్కరు ఒక్క కుర్రాడికి రెండేళ్లు అన్నలా అక్కలా నిలబడితే అతని జీవితం నిలబడుతుంది. ఇక్కడ మాత్రం రెండేళ్లు అంటే రెండేళ్లే, మధ్యలో మానేసేట్టయితే మొదలుపెట్టొద్దు.

ఒక మాట అడగనా, మీ అపార్ట్‌మెంట్లో గూర్ఖా ఉన్నాడా? బీచ్ రోడ్డులో మోమోలు అమ్మే కుర్రాడు ఎక్కడివాడో ఎప్పుడైనా అడిగారా? చాలామంది నేపాల్ పశ్చిమ కొండల నుంచి వచ్చినవాళ్లు. కొందరు పిల్లల్ని అక్కడే ఎవరి దగ్గరో వదిలి వచ్చారు, కొందరి పిల్లలు ఇక్కడే వాచ్‌మన్ గదిలో ఉన్నారు, తెలుగు రాక స్కూల్లో వెనకబడి ఉన్నారు. ఆ పిల్లకి సాయంత్రం గంటసేపు తెలుగు చదివించడానికి పాస్‌పోర్టు, టికెట్టు ఏవీ అక్కర్లేదు, పైగా రాత్రికి అమ్మానాన్న దగ్గరే పడుకుంటుంది.

మీ గ్రూపులో బీఈడీ చేసిన అమ్మాయి ఆరు నెలలు అక్కడే ఉండి పనిచేస్తానంటోంది అన్నారు. ఆమెకి చెప్పండి, హోమ్‌లో వద్దు, సరైన అనుమతితో ఒక స్కూల్లో, అక్కడి టీచర్లకి తోడుగా అయితే మంచిదే. టీచర్ వచ్చి వెళ్తుందని పిల్లలకి ముందే తెలుసు, ఇల్లు అనుకునే చోట మనుషులు మారితే తగిలే దెబ్బ అక్కడ తగలదు. వెళ్లే ముందు కాస్త నేపాలీ నేర్చుకోమనండి, హిందీ వస్తే లిపి అదే కాబట్టి తొందరగానే పట్టుకుంటుంది.

చివరిగా, ఎలాగూ అక్కడ తిరుగుతారు కదా, టూరిస్టులు తిరిగే థమేల్ వీధుల్లోనో హోటల్ దగ్గరో ఎవరైనా వచ్చి మా హోమ్ చూద్దురు రండి, పిల్లలు డాన్స్ చేస్తారు అని పిలిస్తే వెళ్లకండి, పేరూ చోటూ గుర్తుపెట్టుకోండి. పిల్లల్ని కొట్టిన గుర్తులు కనపడినా, రాత్రుళ్లు బయటివాళ్లు వస్తున్నారని విన్నా, డబ్బు అడుక్కురమ్మని పంపుతున్నట్టు అనిపించినా మీరే గొడవ పెట్టుకోవద్దు, అలా చేస్తే మీరు వెళ్లాక ఆ కోపం పిల్లల మీద తీర్చుకుంటారు. నేపాల్లో కూడా చైల్డ్ హెల్ప్‌లైన్ నంబర్ 1098, మన దగ్గర ఉన్న నంబరే. అక్కడి సిమ్ నుంచి చేసి చూసింది చూసినట్టు చెప్పండి.